వంతు మారని పరుగు

"అందరి మాటా రాసినావు గానీ పాపా, నా మాట యాడుంది?"

మా అక్క అడిగిన ప్రశ్న ఇది. నేను రాసిన వ్యాసాన్ని తన చిన్నకొడుకు చదివి వినిపిస్తుంటే చెనిక్కాయలు ఒలుస్తూ మొత్తం విన్నది. చివర్లో తల ఎత్తకుండా ఈ మాట అడిగింది. కోపంగా కాదు. సంతలో చిల్లర సరిచూసుకుంటూ "పది రూపాయలు తక్కువొచ్చినాయే" అన్నట్టుగా అడిగింది. అందుకేనేమో ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

ఆ వ్యాసం అక్క కూతురి పరుగు గురించి. ఒక పత్రిక ఆదివారం పేజీలో వచ్చింది. చదివినవాళ్లు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడ్డాను. స్త్రీల శ్రమ కంటికి కనపడకుండా పోవడం గురించి ఇరవై ఏళ్లుగా తరగతిలో పాఠం చెబుతున్నదాన్ని. సభల్లో మాట్లాడుతున్నదాన్ని. తీరా నా వ్యాసంలోనే మా అక్క కనపడకుండా పోయింది. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలని నా వ్యాసాన్నీ, నేను ఇష్టంగా చదువుకున్న పరుగు పుస్తకాలనీ, చూసిన సినిమాలనీ మళ్లీ తిరగేశాను. అలా తిరగేసినప్పుడు తోచినవే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ పరుగు సంగతి చెప్పాలి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గురించి మా ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. స్పెయిన్‌లో దానికి అండగా ఉన్న ఫౌండేషన్, అక్కడి పరుగువీరులు కలిసి 2016లో అనంతపురం అల్ట్రామారథాన్ మొదలుపెట్టారు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల చిల్లర. ఇది 24 గంటలు ఆగకుండా, పగలూ రాత్రీ, ఊళ్ల మీదుగా సాగే సుమారు 170 కిలోమీటర్ల పరుగు. ఒక్కరే పరుగెత్తేది కాదు. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లూ మన పిల్లలూ వంతులేసుకుని పరుగెత్తుతారు. ఇక్కడి పేద కుటుంబాల కోసం విరాళాలు కూడగట్టడం దాని ఉద్దేశం.

అక్క కూతురు అందులో పరుగెత్తిన రాత్రి, వెనక వచ్చే బండ్లలో ఒకదాంట్లో నేను కూర్చున్నాను. నీళ్లసీసా అందించడం, చెమట ఆరకముందే శాలువా కప్పడం, కాలిపిక్క పట్టేస్తే రుద్దడం నా పని. చలికాలం. రోడ్డుకు రెండువైపులా చెనిక్కాయ పెరికేసిన బీళ్లు. దూరంగా గుట్టల మీద గాలిమరల ఎర్రదీపాలు. బండి దీపాల వెలుగులో ఆ పిల్ల నీడ తనకన్నా ముందు పరుగెత్తుతోంది. ఇవన్నీ వ్యాసంలో రాశాను. ఒక స్పెయిన్ ఆవిడ మా పిల్ల చేతిని తాకి తన వంతు మొదలుపెట్టిన క్షణం గురించి ఒక పేరా మొత్తం రాశాను. భాష తెలియని ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఆ స్పర్శ ఎంత గొప్పదో వర్ణించాను.

మా అక్క గురించి ఒకే ఒక్క వాక్యం. "ఆ అమ్మాయి కాళ్లలో పరుగెత్తేది ఆమె తల్లి కలలే" అని. రాసినప్పుడు చాలా బాగుందనుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తోంది. అక్క కలలు ఏమిటో నేను ఎప్పుడూ అడగలేదు. పైగా ఆ వాక్యంలో అక్క ఒక్క పనీ చేయదు. కల కంటుంది, అంతే. అక్క చేసిన పనినంతా ఎత్తేసి, ఆ చోటులో ఒక కలను పెట్టాను. శ్రమను త్యాగంగా, త్యాగాన్ని అలంకారంగా మార్చడం పితృస్వామ్య సాహిత్యానికి అలవాటని ఎన్నిసార్లు చెప్పి ఉంటాను!

అక్క చేసిన పని ఏమిటి? అది రాయడానికి ఇప్పుడు ఆమె దగ్గర కూర్చుని అడగాల్సి వచ్చింది. పిల్ల తెల్లవారుజామున నాలుగున్నరకి సాధనకి వెళ్లేది. చీకట్లో ఒక్కతే వెళ్లడానికి బావ ఒప్పుకోలేదు. ఆయన అనుమతి ఇవ్వాలంటే తోడు ఎవరో ఒకరు ఉండాలి. ఆయన తాను వెళతాననలేదు. కాబట్టి అక్క మూడుకే లేచి, ఆవు పాలు పితికి, రాగి జావ కాచి, టార్చిలైటు పట్టుకుని ఊరి బయట తారురోడ్డు దాకా నడిచేది. పిల్ల పరుగెత్తుకుంటూ చీకట్లోకి వెళ్లిపోతే, తిరిగి వచ్చేదాకా మైలురాయి దగ్గర నిలబడేది. ఏ మోటారుసైకిలు ఆగినా టార్చి అటు తిప్పేది. మూడేళ్లు ఇలా. వాన వచ్చిన నాలుగు రోజులు తప్ప. మా దగ్గర వాన అడ్డం రావడమూ తక్కువే కదా.

ఇంకా ఉంది. పొట్టి లాగు వేసుకుని పరుగెత్తుతోందని వాకిట్లో మాట్లాడినవాళ్లకు జవాబు చెప్పింది అక్క. నెలసరి రోజుల్లో పరుగెత్తొచ్చా లేదా అని పిల్లకు వచ్చిన అనుమానాన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లి నర్సమ్మను అడిగి వచ్చింది అక్క. బూట్లు కొనడానికి పాలడబ్బుల్లోంచి నెలనెలా కొంత తీసి బియ్యం డబ్బాలో దాచింది అక్క. "పెండ్లీడు పిల్ల ఎండలో నల్లబడిపోతాంది" అన్న అత్తగారిని ఊరుకోబెట్టింది కూడా అక్కే. ఆ రాత్రి బండిలో మేము తిన్న బెల్లం చెనిక్కాయ ఉండలు, ఉప్పేసిన మజ్జిగ, ఊరిబిండి రాసిన రొట్టెలు ఆమె చేతివే. వ్యాసంలో ఆ ఉండల రుచి రాశాను. చేసినామె పేరు రాయలేదు.

కొడుక్కి తోడు నిలబడటానికీ కూతురికి తోడు నిలబడటానికీ తేడా ఇక్కడే ఉంది. కొడుకు పరుగెత్తితే తల్లి పని తిండి దగ్గర ఆగుతుంది. కూతురు పరుగెత్తితే తల్లి ముందు రోడ్డును సంపాదించి పెట్టాలి. చీకటితో, మగవాళ్లతో, ఇంటి పెద్దలతో, ఊరితో రోజూ బేరమాడాలి. ఈ బేరం అంతా అయ్యాకే పరుగు మొదలవుతుంది. మనం రాసేది మాత్రం పరుగు మొదలైన దగ్గర్నుంచే.

ఇది నా ఒక్కదాని లోపమా అని పుస్తకాలు తీశాను. పరుగు మీద వచ్చిన సాహిత్యానికి ఒంటరితనం అంటే మహా ఇష్టం. అలన్ సిల్లిటో 1959లో రాసిన ప్రసిద్ధ కథ పేరులోనే దూరపు పరుగుకాడి ఒంటరితనం ఉంది. బాలనేరస్థుల బడిలో ఉన్న కుర్రాడు గెలవగలిగి కూడా కావాలని ఓడిపోయి అధికారాన్ని ధిక్కరిస్తాడు. గొప్ప కథే. విద్యార్థులకు నేను ఇష్టంగా చెప్పే కథ. కానీ ఒంటరిగా ధిక్కరించడం, ఒంటరిగా ఓడిపోవడం కూడా ఒక వెసులుబాటేనని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. మా పిల్ల కావాలని ఓడిపోతే ఆ ఓటమి ఆమె ఒక్కదానిది కాదు. "చెప్పలేదా మేము" అని ఊరంతా అక్క మీద పడుతుంది.

హరుకి మురకామి పరుగు గురించి రాసిన జ్ఞాపకాల పుస్తకం 2007లో జపనీస్‌లో వచ్చింది. ఆయన 1983లో ఏథెన్స్ నుంచి మారథాన్ ఊరి దాకా మండుటెండలో ఒంటరిగా పరుగెత్తిన అధ్యాయం అందులో ఉంది. ఒంటరిగా అనే గుర్తుంచుకుంటాం గానీ, వెంట వ్యానులో పత్రికవాళ్లు ఉన్నారని ఆయనే రాశాడు. నిజాయితీ గల రచయిత కాబట్టి దాచలేదు. దాచకపోయినా మన మనసులో నిలిచేది ఎండ, రోడ్డు, ఆయన. వ్యాను నిలవదు. వాక్యం నిర్మాణమే అలాంటిది. కర్త ఒక్కడే, మిగతావాళ్లందరూ సందర్భం.

స్త్రీ రాసిన పుస్తకంలో తేడా ఉంటుందని కాథరిన్ స్విట్జర్ ఆత్మకథ చదివాను. 1967లో బోస్టన్ మారథాన్‌లో 261 నంబరు కట్టుకుని పరుగెత్తుతున్న ఆమెను నిర్వాహకుడొకడు మీదపడి లాగేయబోయిన ఫోటో లోకమంతా చూసింది. పక్కనే పరుగెత్తుతున్న ఆమె స్నేహితుడు వాడిని భుజంతో తోసేశాడు. ఫోటోలో కనపడేది అంతవరకే. తర్వాత జరిగింది ఆమె రాసింది. ఈ గొడవ వల్ల తన క్రీడాజీవితం పాడవుతుందని అతను ఆమె మీదే విసుక్కుని ముందుకు వెళ్లిపోయాడు. ఆమెకు తోడుగా మిగిలింది పెద్దవయసు శిక్షకుడు. తోడు నిలబడిన ఘనత ఫోటోలో పడింది, తోడు వదిలేసిన సంగతి చెప్పడానికి ఆమే పుస్తకం రాయాల్సి వచ్చింది. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇదే. తోడును ఆమె పూజించలేదు. ఎవరు ఎంతదూరం వచ్చారో లెక్క చెప్పింది.

మన సినిమాలకు వస్తే లెక్క ఇంకా తేలిక. 1991లో మౌళి దర్శకత్వంలో వచ్చిన 'అశ్వని'లో అశ్వనీ నాచప్పే నాయికగా నటించింది. ఒక పరుగురాణి తెర మీద తనే నాయిక కావడం అప్పటికి పెద్ద విషయం. అయినా ఆమె పరుగుకు కారకుడు కోచ్. 2016 నాటి 'దంగల్'లో కారకుడు తండ్రి. కూతుళ్ల కోసం మాంసం వండటానికి తల్లి తన వంటింట్లో ఒప్పుకోకపోతే ఆయన వేరే ఏర్పాటు చేస్తాడు. తల్లి ఆ ఒక్కచోట అడ్డు, మిగతా చోట్ల మౌనం. మగవాడు తోడు నిలబడితే దాని పేరు దార్శనికత. ఆడది తోడు నిలబడితే దాని పేరు ప్రేమ. దార్శనికతకి కథ ఉంటుంది, ప్రేమకి పాట ఉంటుంది. పనికి మాత్రం ఏదీ ఉండదు.

దూరం అనే మాటకే ఒక చరిత్ర ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీల 800 మీటర్ల పరుగు చూసి, ఇంత దూరం ఆడవాళ్ల ఒంటికి పడదని తేల్చేశారు. ఆ పోటీ మళ్లీ 1960 దాకా లేదు. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి 1984లో గానీ రాలేదు. ఆ దశాబ్దాల్లోనే మా అమ్మ, అమ్మమ్మ నెత్తిన ఒకటి, నడుమున ఒకటి బిందెలు పెట్టుకుని ఊటబావి దాకా వెళ్లి వచ్చేవాళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మాది. ఇక్కడ ఆడవాళ్లకు దూరం పడుతుందా లేదా అని ఎవరూ కమిటీ వెయ్యలేదు. పరుగైతే ఒంటికి పడదు, నీళ్లయితే పడుతుంది. ఒళ్లు మారలేదు. ఎవరి కోసం నడుస్తున్నామన్నదే మారింది.

మా సీమ కరువు కథకు పెద్ద సంప్రదాయం ఉంది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటివాళ్లు ఈ నేల గోసను తెలుగు సాహిత్యం మధ్యలోకి తెచ్చారు. ఆ కథలు చదివే నేను రాయడం నేర్చుకున్నాను. ఆ సంప్రదాయంలోంచి నేను తీసుకున్నదాన్ని ఇప్పుడు తరచి చూస్తే, వాన లెక్క, అప్పు లెక్క, ఎండిన బోరు లెక్క తీసుకున్నాను. ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారన్న లెక్క తీసుకోలేదు. మగవాడు బెంగుళూరుకు పనికి పోతే అది వలస కథ అవుతుంది. అతను తిరిగొచ్చేదాకా పొలమూ, పశువూ, ముసలివాళ్లూ, పిల్లలూ ఒకే చేతిలో ఉండటం ఆ కథకు నేపథ్యం అవుతుంది.

ఇంతకీ మా పిల్ల పరుగెత్తింది మామూలు పరుగు కాదు, వంతుల పరుగు. అది నేను సరిగ్గా చూసి ఉంటే నా వ్యాసం వేరేగా ఉండేది. జపాన్‌లో ఎకిడెన్ అనే దూరపు వంతుల పరుగు 1917 నుంచి ఉంది. భుజానికి అడ్డంగా వేసుకున్న పట్టీని ఒకరు తీసి మరొకరికి అందిస్తారు. చివరికి చేరేసరికి ఆ పట్టీలో జట్టు అందరి చెమటా ఉంటుంది. ఈ పరుగులో నిజంగా గొప్పది వేగం కాదు. ఎవరు ఎంతదూరం మోయాలి, ఎక్కడ దించుకోవాలి, ఎవరు అందుకోవాలి అన్నది ముందే మాట్లాడుకుని ఉండటం. తన వంతు అయిపోయినవాళ్లు పక్కకొచ్చి కూర్చుంటారు. నీళ్లు తాగుతారు. నిద్రపోతారు. వాళ్లు సోమరులని ఎవరూ అనరు. ఆ రాత్రి నాకు సీసా అందుకోవడానికి చేతులు తిమ్మిరెక్కితే ఇంకొకరు వచ్చి నా చోట కూర్చున్నారు. తోడు ఉండటానికి కూడా వంతులు ఉన్నాయి అక్కడ.

ఇంట్లో వంతు మారదు. మా అక్క మూడేళ్లు పట్టుకున్న టార్చి ఒక్కరోజు కూడా ఇంకొకరి చేతికి పోలేదు. బావ చేతికి పోలేదు, ఎదిగిన కొడుకు చేతికి పోలేదు. ఎండాకాలం సెలవులంతా ఆ ఇంట్లోనే గడిపే నా చేతికీ రాలేదు. నేను ఆ నాలుగున్నర గంటలకు మేడ మీద నిద్రపోయేదాన్ని. పొద్దున లేచి జావ తాగి, స్త్రీల శ్రమ మీద వ్యాసాలు దిద్దుకునేదాన్ని. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. కానీ ఇది రాయకుండా మురకామి మీద విమర్శ రాయడం నాకు చేతకాలేదు.

ప్రేమగా చేసినదానికి కూడా లెక్కలేమిటి, తల్లీకూతుళ్ల మధ్య కూలీ బేరమా అని ఎవరైనా అడగొచ్చు. మా బావ అడిగాడు కూడా. నేను జవాబు చెప్పేలోపు అక్కే అందుకుంది.

"నాకిష్టం లేక చేసిన్నా? ఇష్టంగానే చేసినా. పాప పరుగెత్తుతాంటే చూడాలని నాకు మాత్రం ఉండదా? ఒక్కసారన్నా చూసినానా చెప్పు."

ఇది మాకు ఎవరికీ తట్టలేదు. మూడేళ్లు కూతుర్ని పరుగుకు తీసుకెళ్లిన మనిషి, కూతురు చీకట్లోకి వెళ్లడం చూసింది, చీకట్లోంచి రావడం చూసింది. మధ్యలో పరుగు చూడలేదు. అల్ట్రామారథాన్ రాత్రి ఆవూ, అత్తగారూ ఉన్నారని ఇంటి దగ్గరే ఉండిపోయింది. చూసింది నేను. రాసిందీ నేను. ఇష్టంగా చేసే పనికి వంతు అక్కర్లేదని మనం అనుకుంటాం. నిజానికి ఇష్టం ఉన్నవాళ్లకే వంతు ఎక్కువ అవసరం. మోసేది ఒకరికి దించి ఇస్తేగానీ తను మోసినదాన్ని చూసుకునే అవకాశం రాదు.

అందుకని పరుగు గురించి, పోరాటం గురించి, పైకొచ్చిన ఆడపిల్లల గురించి ఏది చదివినా నేను ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. ఇందులో తోడు నిలబడినవాళ్ల వంతు ఎక్కడ ముగిసింది? ముగిసినట్టు రచయిత చూపించిందా? తల్లిని ఆకాశానికెత్తే వాక్యం కనపడితే మరీ అనుమానంగా చూస్తున్నాను. ఆకాశానికెత్తితే ఆమె చేతిలోని టార్చి ఎవరూ అందుకోనక్కర్లేదు కదా. నా వాక్యం చేసిన పనీ అదే. స్త్రీవాద విమర్శ ఇలాంటి వాక్యాలను ఎదుటివాళ్ల రచనల్లో పట్టుకోవడం బాగా నేర్చుకుంది. మన రాతల్లో, మన ఇళ్లల్లో పట్టుకోవడం ఇంకా మిగిలే ఉంది.

ఆ తర్వాత చలికాలంలో మా ఊరికి దగ్గరి పట్టణంలో కుర్రవాళ్లు చిన్నపాటి వంతుల పరుగు పెట్టుకున్నారు. సాయంత్రం మొదలై తెల్లవారేదాకా. అక్క కూతురు జట్టులో ఉంది. ఈసారి అక్క వస్తానంది. పాలు పితకడం బావ వంతు అని కూతురే చెప్పింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఒప్పుకున్నాడు. ఉండలు చేయడం నా వంతు. బెల్లం పాకం ముదిరిపోయి రాళ్లలా వచ్చాయి. అందరూ నవ్వుతూనే నమిలారు.

పిల్ల మొదటి వంతు పరుగెత్తేటప్పుడు అక్క బండిలో ముందు సీట్లో కూర్చుని అద్దం మీదికి వంగి చూసింది. ఒక్క మాట మాట్లాడలేదు. వంతు ముగిశాక మాత్రం "ఆ మోకాలు లోపలికి పోతాంది, చూసుకోమను" అంది. నేను అంతసేపూ చూసి కూడా గమనించని విషయం అది. కోచ్ మర్నాడు అదే మాట చెప్పాడు.

రాత్రి రెండు గంటలకి పిల్ల రెండో వంతు వచ్చింది. అక్క వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని, చెంగు మొహం మీద కప్పుకుని నిద్రపోతోంది. చూడాలని వచ్చింది కదా అని లేపబోయాను. బూటు దారం బిగించుకుంటున్న పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"లేపొద్దు చిన్నమ్మా. పండుకోనీ."

నీళ్లసీసా తీసుకుని నేను దిగాను.